పటియాలా రాజుల కింద సొంత భూమికే కౌలుదార్లయిన రైతులు

పటియాలా అంటే మన ఊళ్లలో తెలిసింది రెండే. ఆడపిల్లలు వేసుకునే పటియాలా డ్రెస్సు ఒకటి, మగవాళ్లు చెప్పుకునే పటియాలా పెగ్గు ఒకటి. ఆ పేరు వెనక రెండు వందల ఏళ్ల పాటు ఏలిన ఒక సిక్కు రాజకుటుంబం ఉందనీ, ఆ రాజుల కింద వందలాది గ్రామాల రైతులు తమ తాతల నాటి భూమిలో తామే కౌలుదార్లుగా మారిపోయారనీ, మళ్లీ ఆ భూమి దక్కించుకోవడానికి ప్రాణాలు ఇచ్చారనీ మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా ఉండదు. పంజాబ్ రైతులు మాత్రం మర్చిపోలేదు. ఏటా మార్చి 19న మాన్సా జిల్లా కిషన్‌గఢ్ గ్రామంలో ఆ అమరుల్ని తలుచుకుంటారు. 2021లో ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్నప్పుడు కూడా సంయుక్త కిసాన్ మోర్చా ఆ రోజును ముజారా ఉద్యమ దినంగా జరిపింది. ముజారా అంటే కౌలుదారు. ఈ నెల మన పత్రికలో ఆ కథ చెప్పుకోవాలని అనుకున్నాం. రాజుల కథలు సినిమాల్లో చాలానే చూశాం. రైతు వైపు నుంచి చెప్పుకుంటే అదే కథ వేరేగా ఉంటుంది.

పంజాబ్‌లో సట్లెజ్ నదికి దక్షిణంగా ఉన్న ప్రాంతాన్ని మాల్వా అంటారు. పటియాలా, నాభా, జింద్ మూడు రాజ్యాలూ అక్కడివే. మూడింటినీ ఏలినవాళ్లు ఒకే వంశం వాళ్లు. ఫూల్ అనే చౌదరి సంతతి కాబట్టి ఫుల్కియాన్ రాజులు అన్నారు. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే వీళ్లు ఎక్కడినుంచో వచ్చిన నవాబులు కారు. సిద్ధూ జాట్లు, అంటే సేద్యం చేసుకునే కులం వాళ్లే. నాగలి పట్టిన వాళ్ల బిడ్డలే. పటియాలా రాజ్యానికి పునాది వేసిన బాబా ఆలా సింగ్ 1765లో చనిపోయాడు. అప్పటికి పటియాలాలో కోట కట్టడం మొదలైంది. రాజా అనే బిరుదు మాత్రం ఆయనకు అహ్మద్ షా అబ్దాలీ దగ్గర్నుంచి వచ్చింది. అబ్దాలీ ఎవరో తెలుసు కదా, పానిపట్టులో మరాఠాలను ఓడించినవాడు, సిక్కుల్ని వేలల్లో ఊచకోత కోయించినవాడు.

ఆ తర్వాత కథ అంతా ఒకే దారి. పక్కన రంజిత్ సింగ్ బలపడుతుంటే భయపడి 1809లో ఈ రాజులు ఈస్టిండియా కంపెనీ నీడలో చేరారు. 1857లో దేశమంతా తిరుగుబాటు లేస్తే పటియాలా, నాభా, జింద్ మూడూ తెల్లవాళ్లకు సైన్యం, సరఫరాలు ఇచ్చి నిలబెట్టాయి. బహుమానంగా నార్నౌల్ వైపు భూములు పటియాలాకు, దాద్రీ జింద్‌కు దక్కాయి. ఎవరు బలంగా ఉంటే వాళ్ల పంచన చేరడం, చేరినందుకు భూమి పుచ్చుకోవడం. ఇచ్చినవాడిదీ కాదు, పుచ్చుకున్నవాడిదీ కాదు ఆ భూమి.

ఈ రాజుల్లో ఎక్కువ పేరు మోసినవాడు భూపీందర్ సింగ్. 1900లో పసివాడిగా గద్దెనెక్కి 1938 దాకా ఏలాడు. 1911లో ఇంగ్లాండు వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్. మనవాళ్లు ఆడే రంజీ ట్రోఫీకి ఆ కప్పు ఇచ్చింది ఆయనే. రాజుల మండలికి చాన్సలర్‌గా ఉన్నాడు. పారిస్‌లో కార్టియర్ నగల దుకాణానికి రాళ్లు పంపి 1928లో ఒక హారం చేయించాడు. అందులో 2,930 వజ్రాలు. మధ్యలో పొదిగిన ఒక్క రాయే 234 క్యారెట్లు. ఆ హారం తర్వాత ఖజానాలోంచి మాయమైంది. కొన్ని ముక్కలు ఎప్పుడో విదేశాల్లో తేలాయి. రాజుల సొమ్ము రాళ్లపాలు అని మన పెద్దలు ఊరికే అనలేదు. కానీ ఆ సామెత సగమే చెప్తుంది. రాజుకు ఆ సొమ్ము వచ్చింది ఎక్కడినుంచి అన్నది మిగతా సగం.

దానికి జవాబు బిస్వేదారీ. ఈ మాట కొత్తగా ఉంటుంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాం. అక్కడి భూమి కొలత బిఘా. బిఘాలో 20వ వంతు బిస్వా. మనం ఎకరం, గుంట అన్నట్టే. బిస్వేదారు అంటే మాటకు ఆ భూమిలో హక్కుదారు అని అర్థం. మొదట్లో ఈ బిస్వేదార్లకు ఉన్నది భూమి మీద హక్కు కాదు. కొందరికి శిస్తు మాఫీ ఉంది. కొందరికి కొన్ని గ్రామాల శిస్తు వసూలు చేసుకునే అధికారం ఉంది. భూమి మాత్రం దున్నే రైతులదే, వాళ్ల తాత ముత్తాతలదే. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇది తలకిందులైంది. దర్బారులో పలుకుబడి ఉన్నవాళ్లు, అధికారుల చుట్టాలు, రాజుకు కావలసినవాళ్లు తమ శిస్తు హక్కును మెల్లగా యాజమాన్య హక్కుగా రికార్డుల్లోకి ఎక్కించుకున్నారు. ఎవడూ కత్తి తీయలేదు, ఎవర్నీ పొలంలోంచి తరమలేదు. కాగితం మీద ఒక గడిలో ఉన్న పేరు ఇంకో గడిలోకి మారింది, అంతే. నిన్నటిదాకా శిస్తు కట్టే రైతు, తెల్లారేసరికి కౌలు కట్టే ముజారా అయ్యాడు. దాదాపు 800 గ్రామాల రైతాంగానికి ఇదే గతి పట్టింది. వీళ్లలో రెండు తరగతులు. మౌరూసీ అంటే తరతరాలుగా సాగు హక్కు ఉన్న కౌలుదారు, అతన్ని తేలిగ్గా తీసేయడానికి లేదు. రెండో రకానికి ఆ రక్షణ కూడా లేదు, బిస్వేదారు పొమ్మంటే పోవాలి.

ఇదంతా జరుగుతున్న రోజుల్లోనే మాల్వాకు నీళ్లు కూడా వచ్చాయి. రోపడ్ దగ్గర్నుంచి తవ్విన సర్‌హింద్ కాలువ 1882లో పారింది. పటియాలా, నాభా, జింద్ రాజ్యాలు కూడా ఖర్చులో వాటా పెట్టి నీటిలో వాటా పొందాయి. రాజులు మంచి పని ఏదీ చేయలేదని మేము అనడం లేదు. కాలువ మంచిదే. కానీ నీళ్లు పారే భూమి మీదే పెద్దల కన్ను పడుతుందని ఏ ఆయకట్టు రైతుకైనా ఒకరు చెప్పాల్సిన పని లేదు.

కౌలు అక్కడ డబ్బు రూపంలో ఉండేది కాదు. పంటలో వాటా ఇవ్వాలి. దాన్ని బటాయీ అంటారు. మన దగ్గర పాలుకు చేయడం, కోరుకు చేయడం అన్నట్టే. పాలుకు చేసినవాళ్లకు తెలుసు దాని కష్టం ఎక్కడుంటుందో. విత్తనం రైతుది, ఎద్దులు రైతువి, ఒళ్లు రైతుది. కల్లంలో రాశి పోశాక మాత్రం దొర మనిషి వచ్చేదాకా ఒక్క గింజ ఇంటికి తీసుకుపోకూడదు. వాడు ఎప్పుడొస్తే అప్పుడే కొలత. ఈలోగా వాన పడితే తడిసేది రైతు వాటా కూడా. కొలిచేవాడు దొర మనిషి, కొలపాత్ర దొరది, లెక్క రాసుకునే పుస్తకం కూడా దొరదే. ఇవ్వకపోతే బటాయీ ఎగ్గొట్టాడని కేసు. అడ్డుపడితే కొట్టాడని ఇంకో కేసు. పటియాలా రాజ్యపు కోర్టుల్లో ఈ రెండు రకాల కేసులకు కొదవ ఉండేది కాదు. కోర్టు ఎవరిది? రాజుది. బిస్వేదారు ఎవరు? రాజు మనిషి.

ఇక్కడ ఒక్క విషయం బాగా అర్థం చేసుకోవాలి. తరతరాలుగా జమీందారీ కింద నలిగిన చోట, భూమి దొరదే, మనం చేసుకు తింటున్నాం అనే భావం రైతుకే లోపల నాటుకుపోతుంది. మాల్వా రైతుకు అది లేదు. ఈ భూమి మా తాత పేరు మీద ఉండేది అని ఇంట్లో ముసలివాళ్లు చెప్తూనే ఉన్నారు. బిస్వేదారును వాళ్లు యజమానిగా ఏనాడూ ఒప్పుకోలేదు, దొంగ అనుకున్నారు. యాభై ఏళ్లు ఆ కోపం నివురుగప్పి ఉండిపోయింది. తెలంగాణ పెద్దలకు ఇది వినగానే మన కథే గుర్తొస్తుంది. నైజాం రాజ్యంలో శిస్తు వసూలు చేసే దేశ్‌ముఖ్‌లు, దేశ్‌పాండ్యాలు సర్వే సెటిల్‌మెంట్ల కాలంలో రైతుల భూముల్ని తమ పట్టాల్లోకి ఎక్కించుకున్నారు. జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షన్నర ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య గారు రాశారు. ఏ మనిషి లక్షన్నర ఎకరాలు దున్నగలడు? శిస్తు పుస్తకం చేతిలో ఉన్నవాడికే అది సాధ్యం. ఒకచోట నవాబు, ఒకచోట సర్దారు. ఒకచోట ఉర్దూ, ఇంకోచోట పంజాబీ. చేసిన పని ఒక్కటే.

పటియాలాలో నోరెత్తడం కష్టమయ్యేది. 1928లో, రాజుగారి హారం పారిస్‌లో తయారైన ఆ ఏడాదే, జూలైలో మాన్సాలో పంజాబ్ రియాసతీ ప్రజామండల్ పుట్టింది. సంస్థానాల ప్రజలకు పౌరహక్కులు కావాలని అడిగిన సంఘం అది. దాని నాయకుడు సేవా సింగ్ ఠీక్రీవాలా. ఊరి పేరే ఇంటిపేరుగా నిలిచిపోయిన మనిషి. ఆయన జీవితంలో చాలా ఏళ్లు జైల్లోనే గడిచాయి. వదలడం, మళ్లీ పట్టుకోవడం. జైల్లో జరిగే హింసకు వ్యతిరేకంగా నిరాహార దీక్షలు చేసి, 1935 జనవరిలో ఆ జైల్లోనే కన్నుమూశారు.

అంతకు ముందే 1930లో అఖిల భారత సంస్థాన ప్రజల మహాసభ వాళ్లు విచారించి మహారాజు మీద నేరారోపణలతో ఒక పెద్ద నివేదిక అచ్చువేశారు. దేశమంతా గగ్గోలు పుట్టింది. తెల్లదొరలు ఏం చేశారు? ఫిట్జ్‌పాట్రిక్ అనే సొంత అధికారినే విచారణకు వేశారు. డల్హౌసీ కొండ మీద, జనం రాకుండా, తలుపులు మూసి విచారణ జరిగింది. మహారాజు నిర్దోషి అని తేల్చారు. ఆ తర్వాత 1932లో రాజు హిదాయత్ పేరుతో ఒక శాసనం తెచ్చాడు. అక్కడి విక్రమ శకం లెక్కన 1988 కాబట్టి దాన్ని 1988 హిదాయత్ అంటారు. సభ పెట్టుకోవాలన్నా, సంఘం పెట్టుకోవాలన్నా ఆ శాసనం అడ్డం. గాంధీజీ కూడా దాన్ని తప్పుపట్టారు. మరోవైపు గురుద్వారా ఉద్యమంతో బలపడిన అకాలీల్లో పెద్ద వర్గాన్నే మహారాజు తన వైపు తిప్పుకున్నాడు. మతం మాట్లాడే నాయకుల్ని మచ్చిక చేసుకుంటే భూమి అడిగేవాడు ఒంటరివాడవుతాడు. ఈ కిటుకు పటియాలాతో పోలేదు.

పొరుగున నాభా కథ కొంచెం వేరు. అక్కడి రాజు రిపుదమన్ సింగ్ అకాలీలతో, జాతీయవాదులతో కాస్త చనువుగా ఉండేవాడు. పటియాలా రాజుతో ఆయనకు తగాదా. 1923లో తెల్లవాళ్లు ఆయన్ని గద్దె దించేశారు. దానిమీద జైతోలో సిక్కుల మోర్చా లేచింది. చూడ్డానికి వెళ్లిన జవహర్‌లాల్ నెహ్రూను పట్టుకుని నాభా జైల్లో వేశారు. రాజును చివరికి తమిళ దేశంలో కొడైకెనాల్ కొండకు పంపించారు, 1942లో అక్కడే పోయాడు. తెల్లవాడి నీడలో బతికే రాజు ఎంత రాజో ఇక్కడ తేలిపోతుంది. కానీ రాజు మారినంత మాత్రాన నాభా రైతు కల్లంలో కొలత మారలేదు కదా. అందుకే మేము ఆ కథ దగ్గర ఎక్కువసేపు ఆగదల్చుకోలేదు.

1930ల చివర్లో గాలి మారింది. బ్రిటిష్ రాష్ట్రాల్లో కాంగ్రెస్ ప్రభుత్వాలు వచ్చాయి. పక్కనున్న బ్రిటిష్ పంజాబ్‌లో కిసాన్ సభ పనిచేస్తోంది. ఆ ధైర్యం మాల్వాకు పాకింది. 1939 నుంచి ముజారాలు గ్రామం తర్వాత గ్రామం బటాయీ ఇవ్వం అనడం మొదలుపెట్టారు. జాగీర్ సింగ్ జోగా, ధరమ్ సింగ్ ఫక్కర్ లాంటి కమ్యూనిస్టు నాయకులు ఊళ్లు తిరిగారు. ప్రజామండల్‌లో వ్రిష్ భాన్ వంటివాళ్లు అండగా నిలిచారు. 1945 నాటికి అది ముఖాముఖి పోరాటమైంది. బిస్వేదారు గూండాలతో కల్లంలోకి వస్తాడు, ఊరంతా ఎదురు నిలబడుతుంది. ఒకచోట భూమి ఆక్రమణ, ఇంకోచోట బటాయీ గుంజుకోవడం, రెండుచోట్లా తుపాకులు పేలాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1946 జూలై 4న, ఇక్కడ కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఎంతో దూరంలో ఉన్న ఈ రెండు రైతాంగాలకు ఒకరి పేరు ఒకరికి తెలియదు.

1947లో స్వాతంత్ర్యం వచ్చింది. రాజ్యాలు పోయాయి అని పుస్తకాల్లో చదువుకున్నాం. పోయిన తీరు చూడండి. పటియాలా, నాభా, జింద్, కపుర్తలా, ఫరీద్‌కోట్, మలేర్‌కోట్లా, నాలాగఢ్, కల్సియా, ఈ ఎనిమిదింటినీ కలిపి 1948 జూలై 15న పెప్సూ అనే రాష్ట్రం చేశారు. సర్దార్ పటేల్ వచ్చి ప్రారంభించారు. దానికి రాజప్రముఖ్, అంటే గవర్నరు లాంటివాడు ఎవరు? భూపీందర్ సింగ్ కొడుకు, పటియాలా మహారాజా యాదవీంద్ర సింగే. ప్రభుత్వాన్ని నడిపింది జ్ఞాన్ సింగ్ రాడేవాలా, మహారాజుకు బంధువు. ఇటు హైదరాబాద్‌లో సైన్యం వచ్చి నిజాంను దించిందని పండగ చేసుకున్నాం. ఆ నిజామే 1950 జనవరి 26 నుంచి హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్. పటియాలా మహారాజుకు ఏటా 17 లక్షల రాజభరణం, నిజాంకు 50 లక్షలు. ఇద్దరి రాజప్రముఖ్ పదవులూ ఒకే రోజు ముగిశాయి, 1956 అక్టోబరు 31న. మర్నాడు పెప్సూ పంజాబ్‌లో కలిసింది, మన ఆంధ్రప్రదేశ్ పుట్టింది. రాజభరణాలు మాత్రం 1971 దాకా నడిచాయి.

కిషన్‌గఢ్ మీదికి సైన్యం వచ్చింది రాజు కాలంలో కాదు, తెల్లవాడి కాలంలోనూ కాదు. 1949 మార్చి 19న. స్వతంత్ర భారతంలో, మహారాజు రాజప్రముఖ్‌గా ఉండగా. బటాయీ ఇవ్వబోమని, భూమి వదలబోమని ఆ ఊరి ముజారాలు తెగేసి చెప్పారు. అంతకు ముందు పోలీసులతో ఘర్షణ జరిగింది. తర్వాత సైన్యం ఊరిని చుట్టుముట్టి కాల్పులు జరిపింది. రైతులు చనిపోయారు, పట్టుబడినవాళ్ల మీద కేసులు పెట్టారు. ఆ నెలల్లోనే నల్గొండ, వరంగల్ ఊళ్లలో యూనియన్ సైన్యం ఏం చేస్తోందో మన పెద్దలకు తెలుసు. దొరను దించడానికి వచ్చిన సైన్యం, దొర భూమి పంచుకున్న రైతు మీదికి తిరిగింది.

అయినా ముజారాలు తగ్గలేదు. బటాయీ వసూలు చేయడం ఎక్కడికక్కడ ఆగిపోయింది. చివరికి 1952 జనవరిలో, ఎన్నికలకు ముందు, కౌలుదార్లను తీసేయకుండా తాత్కాలిక చట్టం తెచ్చారు. ఎన్నికల తర్వాత రాడేవాలా ప్రభుత్వం ఏడాది కూడా నిండకుండా పడిపోయింది. 1953లో రాష్ట్రపతి పాలనలో అసలు చట్టం వచ్చింది. మౌరూసీ కౌలుదార్లు భూమి శిస్తుకు 12 రెట్లు కడితే ఆ భూమికి యజమానులవుతారు. శిస్తు రేట్లు యుద్ధానికి ముందు నాటివే ఉండిపోయాయి కాబట్టి ఆ 12 రెట్లు పెద్ద మొత్తం కాలేదు. రైతులు కట్టారు, భూమి వాళ్లదైంది.

నష్టపరిహారం లేకుండా భూమి రాయాలన్నది పోరాటం నడిపినవాళ్ల డిమాండు. అది నెగ్గలేదు. మా అభిప్రాయం చెప్పమంటే, ఆ 12 రెట్లు న్యాయం కాదు. దొంగిలించిన ఎద్దును తిరిగి ఇస్తూ ఇన్నాళ్లు మేపిన ఖర్చు అడిగినట్టుంది. మేపిందీ రైతే కదా! కానీ పొలంలో నిలబడ్డ రైతుకు ఆ రోజు కావలసింది సిద్ధాంతం గెలవడం కాదు, పేరు కాగితంలోకి తిరిగి రావడం. వాళ్లు దాన్ని పట్టుకున్నారు. వాళ్లను తప్పుపట్టే అర్హత మనకు లేదు. ఇక్కడ జాగీర్దార్లకు కూడా పరిహారం ఇచ్చే జాగీర్లు రద్దు చేశారు.

ఈ గెలుపులో ఒక లోటు ఉంది, దాన్ని దాచకూడదు. భూమి తిరిగి వచ్చింది ముజారాలకు, అంటే ఒకప్పుడు భూమి ఉన్న కులాల వాళ్లకు. వాళ్ల పొలాల్లో కూలి చేసిన దళితులకు ఏమీ రాలేదు. పంజాబ్‌లో జనాభాలో దాదాపు మూడో వంతు దళితులు, సాగు భూమి వాళ్ల చేతిలో ఉన్నది చాలా తక్కువ. 1961 చట్టం ప్రకారం గ్రామ ఉమ్మడి భూముల్లో మూడో వంతు కౌలు దళితులకే ఇవ్వాలి. అది కూడా దక్కక సంగ్రూర్ వైపు జమీన్ ప్రాప్తి సంఘర్ష్ కమిటీ ఏళ్ల తరబడి కొట్లాడుతోంది. 2025 మే నెలలో వాళ్లు ఇంకో అడుగు వేశారు. సంగ్రూర్ దగ్గర బీర్ ఐశ్వన్‌లో జింద్ రాజకుటుంబానిది అని చెప్పే 927 ఎకరాలు ఉంది. బీర్ అంటే రాజుల వేటకు వదిలిన అడవి, బీడు. పంజాబ్‌లో భూమి పరిమితి పదిహేడున్నర ఎకరాలైతే ఈ 927 ఎకరాలు ఎలా ఉంది, మాకు పంచండి అని అడుగుతూ బయలుదేరారు. పోలీసులు వందలాది మందిని, ఆడవాళ్లతో సహా, దారిలోనే పట్టుకుని జైళ్లకు పంపారు. రాజు లేడు, రాజ్యం లేదు, రాజుగారి వేట అడవికి మాత్రం పోలీసు కాపలా.

ఇంకోపక్క ఫరీద్‌కోట్ చూడండి. 1989లో ఆ చివరి రాజు చనిపోయాక వేల కోట్ల ఆస్తి ఒక వీలునామాతో ట్రస్టు చేతిలోకి పోయింది. రాజు కూతురు కోర్టుకెక్కారు. ముప్పై ఏళ్లు నడిచాక 2022లో సుప్రీంకోర్టు కూడా ఆ వీలునామా నకిలీదే అని తేల్చింది, ఆస్తి కుటుంబానికే చెందుతుందని చెప్పింది. నకిలీ కాగితం అని రుజువు చేసుకోవడానికి రాజు కూతురికే ముప్పై ఏళ్లు పట్టింది. మన ఊళ్లో రెండెకరాల రైతు పరిస్థితి వేరే చెప్పాలా?

పటియాలా కుటుంబం రాజకీయాల్లోనే ఉండిపోయింది. యాదవీంద్ర సింగ్ కొడుకు అమరీందర్ సింగ్ రెండుసార్లు పంజాబ్ ముఖ్యమంత్రి అయ్యారు. 2020 అక్టోబరులో కేంద్రం తెచ్చిన మూడు సాగు చట్టాలకు వ్యతిరేకంగా ఆయన ప్రభుత్వమే అసెంబ్లీలో బిల్లులు పెట్టింది. అది మంచి పనే, అప్పుడు మన పత్రికలోనూ మెచ్చుకున్నాం. ఏడాది తిరక్కుండా 2021 సెప్టెంబరులో అదే ముఖ్యమంత్రి, ధర్నాలు పంజాబ్‌లో వద్దు, రాష్ట్రానికి నష్టం, కావాలంటే ఢిల్లీలో చేసుకోండి అన్నారు. మరో ఏడాదికి, ఆ చట్టాలు తెచ్చిన పార్టీలోనే చేరారు. మనిషి మీద మాకు పగ లేదు. తాత ముత్తాతల పాపం మనవడి నెత్తిన వేయడం న్యాయం కాదు కూడా. కాకపోతే కోట వైపు చూసి ఉద్యమం నడపకూడదని మాల్వా రైతు ఎప్పుడో నేర్చుకున్నాడు.

మన సంఘం నుంచి టిక్రీ సరిహద్దుకు వెళ్లినవాళ్లం అది కళ్లారా చూశాం. అక్కడ ట్రాలీలు వరసగా ఎక్కడివి అని అడిగితే మాన్సా, బఠిండా, సంగ్రూర్, బర్నాలా అన్నారు. పెప్సూ జిల్లాలే. మాకు రొట్టె, ఆవకూర వడ్డించిన ఒక పెద్దాయన హిందీలో చెప్పాడు, మా తాత ముజారా, బటాయీ ఇవ్వనందుకు జైలుకు పోయాడు, మోదీ చట్టాలు ఇప్పటివి, మా ఇంట్లో ఈ గొడవ ఎప్పట్నుంచో ఉంది అని. మేము తెలంగాణ సాయుధ పోరాటం గురించి చెప్తే ఆయనకు తెలుసు. మాకే కిషన్‌గఢ్ తెలియదు. ఆ రాత్రి ట్రాలీలో పడుకుని మేము దాని గురించే మాట్లాడుకున్నాం.

కాగితంలో గడి మారితే రైతు కౌలుదారు అవుతాడన్నది పాత కాలపు మాట అనుకునేవాళ్లు మన పహాణీ తీసి చూడాలి. తెలంగాణలో ధరణితో పాటు పహాణీలో అనుభవదారు కాలం పోయింది. భూమిలో నిజంగా ఉన్నదెవరో చెప్పే గడి అది. అది పోయాక ఎన్ని ఊళ్లలో, ఎప్పుడో అమ్ముకుని పోయిన వాళ్ల పేర్లు మళ్లీ పట్టాదారులుగా పైకి తేలాయో మన మండల కమిటీలకు వచ్చిన అర్జీలే చెప్తాయి. ఆంధ్రలో కౌలు రైతుకు కార్డు కావాలంటే 2019 చట్టం ప్రకారం యజమాని సంతకం పెట్టాలి. యజమాని పెట్టడు. కౌలుదారు ఉన్నాడు, పంట ఉంది, కాగితంలో మాత్రం మనిషి లేడు. పంట పోతే పరిహారం కాగితంలో ఉన్నవాడికి పోతుంది. ఈ కాలమ్‌లు, కార్డులు, పోర్టళ్లు గుమాస్తాల విషయం అని రైతు వదిలేస్తే ఏమవుతుందో మాల్వాలోని 800 గ్రామాలు చూశాయి. వాళ్లకు తిరిగి రాయించుకోవడానికి డెబ్బై, ఎనభై ఏళ్లు పట్టింది.

ఈ మార్చి 19న మన సంఘం ప్రతి మండల కేంద్రంలో కిషన్‌గఢ్ అమరులకు నివాళి సభ పెడుతుంది. సభ తర్వాత అక్కడే రికార్డుల పరిశీలన శిబిరం ఉంటుంది. వచ్చేవాళ్లు పాత పహాణీ లేదా అడంగల్ నకలు, పాసుపుస్తకం, శిస్తు రసీదులు ఉంటే అవి, వెంట తెచ్చుకోండి. కౌలు రైతులు కాగితం ఏమీ లేదని ఆగిపోవద్దు. ఎన్నేళ్లుగా ఏ సర్వే నంబరులో చేస్తున్నారో, పక్క పొలాల రైతులు ఎవరో రాసుకుని రండి. వాళ్లలో ఇద్దర్ని సాక్షులుగా తీసుకొస్తే ఇంకా మంచిది. తహసీల్దారుకు ఇవ్వాల్సిన అర్జీలు శిబిరంలోనే రాసి, రసీదు తీసుకునేదాకా మన కార్యకర్తలు వెంట ఉంటారు.